1972లో బంగ్లాదేశ్ నుంచి మన సైన్యం వెనక్కి రావడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రతి ఏటా డిసెంబరు 16 రాగానే, తూర్పు పాకిస్తాన్‌ను బంగ్లాదేశ్‌గా విడిపించిన 1971 యుద్ధం గురించి పోస్టులు వెల్లువెత్తుతాయి. వాటి కింద అవే సందేహాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి: గెలిచి ఎందుకు వచ్చేశాం, ఖైదీలను ఎందుకు వదిలేశాం, బంగ్లాదేశ్‌వాళ్లకు కృతజ్ఞత లేదా అని. యుద్ధం గురించి తెలుగులో చాలానే రాశారు. యుద్ధం ఆగాక, ఇంకా కాళ్ల మీద నిలబడని ఒక కొత్త దేశంతో మనం ఎలా నడుచుకున్నామన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే ఉంది, అందుకే ఆ సందేహాలన్నీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## యుద్ధం ఆగిన మర్నాడు

డిసెంబరు 16న పాకిస్తాన్ లొంగిపోయింది సరే, మర్నాటి నుంచి ఢాకాలో పాలన ఎవరిది?

కాగితం మీద బంగ్లాదేశ్ ప్రభుత్వానిదే. అది 1971 ఏప్రిల్‌లోనే ఏర్పడింది, తాజుద్దీన్ అహ్మద్ ప్రధాని. కానీ ఆ ప్రభుత్వం నడిచింది కలకత్తా నుంచి, మంత్రులు ఢాకా చేరింది డిసెంబరు 22న. దేశమంతా ఎవరి పేరు మీద పోరాడిందో ఆ షేక్ ముజీబుర్ రెహమాన్ ఇంకా పాకిస్తాన్ జైల్లోనే ఉన్నారు. కాబట్టి మొదటి వారం రోజులూ వీధుల్లో కనిపించిన అధికారం రెండే రకాలు: మన సైన్యం, తుపాకులు పట్టుకుని తిరుగుతున్న ముక్తి బాహిని (బంగ్లాదేశ్ స్వాతంత్ర్య పోరాట దళం) కుర్రాళ్లు. దేశాన్ని నడపగలిగిన ఎందరో ప్రొఫెసర్లు, డాక్టర్లు, జర్నలిస్టులను లొంగుబాటుకు రెండు రోజుల ముందే పాకిస్తాన్ సైన్యం, దాని స్థానిక అనుచరులు ఇళ్లలోంచి ఎత్తుకెళ్లి చంపేశారు. ఆ లోటు ఎన్నేళ్లయినా పూడేది కాదు.

అంతగా దెబ్బతిన్న దేశమా అది?

అవును. పద్మా నది మీద హార్డింజ్ బ్రిడ్జి తెగిపోయి ఒక స్పాన్ నీళ్లలో పడి ఉంది. చిట్టగాంగ్ రేవులో మైన్లు, మునిగిపోయిన ఓడలు, అంటే విదేశాల నుంచి తిండిగింజలు వచ్చినా దింపడానికి దారి లేదు. అప్పటికి ఏడాది ముందు, 1970 నవంబరులో వచ్చిన తుపానులోనే లక్షల మంది పోయారు, ఆ గాయం మానకముందే యుద్ధం వచ్చి పడింది. పైగా కోటి మంది దాకా శరణార్థులు ఇండియా శిబిరాల్లో ఉన్నారు, వాళ్లు తిరిగొస్తే ఉండటానికి ఇళ్లు లేవు, విత్తనాలు లేవు, దుక్కిటెద్దులు లేవు.

శరణార్థులు నిజంగా వెనక్కి వెళ్లారా, లేక ఇక్కడే ఉండిపోయారా?

చాలామంది వెళ్లిపోయారు, అదీ చాలా వేగంగా. 1972 మొదటి మూడు నెలల్లోనే శిబిరాలు దాదాపు ఖాళీ అయ్యాయి, ఆ స్థాయిలో జనం సొంత ఊళ్లకు తిరిగి వెళ్లడం ప్రపంచ చరిత్రలోనే అరుదు. కొందరు ఉండిపోయిన మాటా నిజమే, అస్సాం, త్రిపుర రాజకీయాల్లో ఆ గొడవ ఇప్పటికీ నడుస్తోంది.

ఆ శిబిరాలు నడిపిన ఖర్చు మన ఇళ్లదాకా వచ్చింది. 1971 నవంబరు 15 నుంచి ఉత్తరం మీద మామూలు స్టాంపుతో పాటు శరణార్థుల సహాయం కోసం 5 పైసల స్టాంపు అదనంగా అంటించాల్సి వచ్చేది. మొదట్లో విడిగా అచ్చేసే టైమ్ లేక, కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని ముద్ర కొట్టి అమ్మారు. పాత ట్రంకు పెట్టెల్లో ఆనాటి కవర్లు ఉంటే ఒకసారి చూడండి.

## సైన్యం అక్కడ ఉన్న మూడు నెలలు

యుద్ధం అయిపోయాక కూడా మన సైన్యం అక్కడ ఏం చేసింది?

ముందు చేయాల్సిన పని ప్రాణాలు కాపాడటం, అందులో మనవాళ్ల చేతికి చిక్కిన పాకిస్తానీ సైనికుల ప్రాణాలు కూడా ఉన్నాయి. పాకిస్తాన్ సైన్యం తొమ్మిది నెలలు సాగించిన ఊచకోత తర్వాత జనంలో కసి ఎలా ఉంటుందో ఊహించుకోండి. డిసెంబరు 18న ఢాకాలో ఒక సభ అయ్యాక, చేతులు కట్టేసిన బందీలను ముక్తి బాహిని వాళ్లు విదేశీ విలేకరుల కెమెరాల ముందే బయొనెట్లతో పొడిచి చంపారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. పాకిస్తాన్ పక్షాన నిలిచారన్న కోపంతో దేశ విభజనప్పుడు అక్కడికి వచ్చి స్థిరపడిన, ఉర్దూ మాట్లాడే బిహారీల మీద దాడులు మొదలయ్యాయి, వాళ్ల కాలనీలకు మనవాళ్లు కాపలా కాశారు. దీంతోపాటు మైన్లు తీయడం, తాత్కాలిక వంతెనలు వేయడం, ఖైదీలను ఇండియాకు తరలించడం.

ఢాకా పక్కన మీర్‌పుర్ ఎందుకు ముఖ్యమంటే, అక్కడ ఆయుధాలతో ఉన్న బిహారీలు లొంగలేదు. జనవరి చివర్లో ఆ ప్రాంతం బాధ్యత మనవాళ్ల నుంచి బంగ్లాదేశ్ బలగాలకు మారగానే, జనవరి 30న పెద్ద కాల్పులు జరిగి ఎందరో బంగ్లాదేశ్ సైనికులు, పోలీసులు చనిపోయారు. అపహరణకు గురైన అన్నను వెతుక్కుంటూ ఆ రోజు అక్కడికి వెళ్లిన ఒక ప్రముఖ సినిమా దర్శకుడు మళ్లీ కనిపించలేదు. సైన్యం ఒక్క పేటలోంచి తప్పుకుంటేనే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. అయినా తప్పుకోవాల్సిందే అని రెండు ప్రభుత్వాలూ అనుకున్నాయి, ఆ నిర్ణయం ఎంత కష్టమైనదో ఇక్కడే అర్థమవుతుంది.

ముక్తి బాహిని తుపాకులు ఎవరు తీసుకున్నారు?

ఆ పని మన సైన్యం బలవంతంగా చేయలేదు, చేస్తే కొత్త యుద్ధం మొదలయ్యేది. ముజీబ్ విడుదలై వచ్చి ప్రధాని అయ్యాక ఆయనే అడిగారు, జనవరి చివరి వారంలో టాంగాయిల్‌లోనూ ఢాకా స్టేడియంలోనూ వేల మంది ఆయన కాళ్ల దగ్గర తుపాకులు పెట్టారు. కానీ అందరూ ఇవ్వలేదు. మిగిలిపోయిన ఆ తుపాకులే తర్వాతి మూడేళ్లూ దొంగతనాల్లో, రాజకీయ హత్యల్లో పేలాయి.

మనవాళ్లు అక్కడి ఆయుధాలు, సామాన్లు ఎత్తుకొచ్చారని బంగ్లాదేశ్‌లో అంటారు, నిజమా?

పాకిస్తాన్ సైన్యం వదిలిన ఆయుధాలను మన సైన్యం ఇండియాకు తరలించిన మాట నిజం. గెలిచిన సైన్యంగా అది తన హక్కు అని ఢిల్లీ అనుకుంది. బంగ్లాదేశ్ సైన్యానికి మాత్రం అప్పట్లో బూట్లకు కూడా కరువే, తమ నేల మీద దొరికిన ఆయుధాలు తమవే అనుకున్నారు. మామూలు సామాన్ల దోపిడీ ఆరోపణలు కూడా వచ్చాయి, వాటిమీద గొంతెత్తిన ముక్తి బాహిని సెక్టార్ కమాండర్ మేజర్ జలీల్‌ను అరెస్టు చేశారు. ఆరోపణల్లో ఎంత నిజం, ఎంత పెంచి చెప్పింది అన్న వాదన ఇంకా తెగలేదు. నా మటుకు, ఆ ఆయుధాల్లో పెద్ద వాటా అక్కడే వదిలేసి ఉంటే మనకు పోయేది చాలా తక్కువ, మిగిలే మంచిపేరు చాలా ఎక్కువ.

## వెనక్కి రావడం

అంత కష్టపడి గెలిచి ఎందుకు వచ్చేశాం? కలిపేసుకుంటే పోయేది కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఏడున్నర కోట్ల జనాభాను లెక్కలోకి తీసుకోరు. స్వాతంత్ర్యం కోసం అంత రక్తం చిందించిన జనం ఒక సైన్యాన్ని తరిమి ఇంకో సైన్యం కింద ఉండటానికి ఒప్పుకుంటారా? 1971 డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 104 దేశాలు కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి తీసుకోవాలని ఓటేశాయి, వ్యతిరేకించింది 11 దేశాలే. ఆ ఓటమిని మనం పట్టించుకోకుండా నిలబడగలిగింది ఒకే ఒక్క మాట మీద: మాకు అక్కడి భూమి అక్కర్లేదు అని. ఆ మాట తప్పితే యుద్ధానికి మనం చెప్పిన న్యాయమంతా కూలిపోతుంది. పాలించడానికి మన దగ్గర డబ్బూ లేదు, 1972లో మన దగ్గరే వానలు తప్పి కరువొచ్చింది.

ఎప్పుడు రావాలన్నది ఎవరు నిర్ణయించారు?

అడిగింది ముజీబ్, ఒప్పుకుంది ఇందిరా గాంధీ. 1972 ఫిబ్రవరి మొదట్లో ముజీబ్ కలకత్తా వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి ప్రకటించారు, మార్చి 25 లోగా సైన్యం పూర్తిగా వస్తుందని. ఏడాది కిందట పాకిస్తాన్ సైన్యం ఢాకా మీద విరుచుకుపడిన రాత్రి కూడా మార్చి 25నే, ఆ వార్షికోత్సవం నాటికి తమ నేల మీద ఏ విదేశీ సైన్యమూ ఉండకూడదన్నమాట. చివరికి చెప్పిన గడువుకన్నా ముందే వచ్చేశారు. మార్చి 12న ఢాకా స్టేడియంలో వీడ్కోలు పరేడ్ జరిగింది, ముజీబ్ గౌరవ వందనం తీసుకున్నారు. చిట్టగాంగ్ కొండల్లో మాత్రం అక్కడి ప్రభుత్వం కోరిక మీద కొద్దిపాటి బలగాలు ఇంకొంత కాలం ఉన్నాయి.

గెలిచిన సైన్యం చెప్పిన తేదీకంటే ముందే ఇంటికి రావడం ఎంత అరుదో చాలామందికి తెలియదు. ఈ విషయంలో ఇందిరా గాంధీకి, ఆమె సలహాదారులు పి.ఎన్.హక్సర్, డి.పి.ధర్‌లకు ఇవ్వాల్సినంత క్రెడిట్ మనం ఇవ్వలేదని నా నమ్మకం.

సైన్యం ఉన్నా లేకున్నా మిగతా దేశాలకు ఏంటి తేడా?

చాలా తేడా. మన సైన్యం అక్కడ ఉన్నంత కాలం ‘ఇది ఇండియా ఆక్రమించిన ప్రాంతం’ అని పాకిస్తాన్, దాని మిత్రులు అంటూ వచ్చారు. బ్రిటన్ ఫిబ్రవరి 4న బంగ్లాదేశ్‌ను దేశంగా గుర్తించింది. అమెరికా మాత్రం మన సైన్యం వచ్చేశాక, ఏప్రిల్ 4న గుర్తించింది. గుర్తింపు ఉంటేనే రుణాలు, గింజలు, బ్యాంకు వ్యవహారాలు. అయినా చైనా 1972 ఆగస్టులో వీటో వేసి ఐక్యరాజ్యసమితిలోకి రానివ్వలేదు, బంగ్లాదేశ్‌కు అక్కడ సీటు దొరికింది 1974 సెప్టెంబరులో.

మనం ఇంకొన్నాళ్లు ఉండి ఉంటే ముజీబ్ బతికేవారేమో కదా?

ఆయనను చంపింది 1975 ఆగస్టు 15న, మన సైన్యం వచ్చేసిన మూడేళ్ల ఐదు నెలలకు. అన్నాళ్లు పరాయి సైన్యం రాజధానిలో కూర్చుంటే ముజీబ్‌కు రక్షణ అయ్యేది కాదు, ఆయన మీద కోపానికి అదే మొదటి కారణం అయ్యేది. అసలు ఆయన పెద్ద భద్రత లేకుండా ఢాకాలోని ధాన్‌మండిలో సొంత ఇంట్లోనే ఉండేవారు. కుట్ర జరుగుతోందని 1974 చివర్లో స్వయంగా వెళ్లి హెచ్చరించానని, తన పిల్లల్లాంటి వాళ్లు తనకేం చేయరని ముజీబ్ కొట్టిపారేశారని మన విదేశీ గూఢచార సంస్థ ‘రా’ అధిపతి ఆర్.ఎన్.కావ్ తర్వాత చెప్పారు.

## ఖైదీలు, సిమ్లా

93,000 మంది పాకిస్తానీలను పట్టుకుని ఊరికే వదిలేశామా?

ఊరికే కాదు, రెండేళ్లకు పైగా అట్టిపెట్టుకుని, చాలా బేరం తర్వాత వదిలాం. ముందుగా ఒక సవరణ, ఆ 93,000లో సైనికులే కాదు, పౌర ఉద్యోగులు, కుటుంబాలు కూడా ఉన్నారు. లొంగుబాటు పత్రంలోనే జెనీవా ఒప్పందాల ప్రకారం చూసుకుంటామని రాసిచ్చాం, ఆ ఒప్పందాల ప్రకారం పోరు ఆగాక ఖైదీలను వదిలేయాలి. అయితే వాళ్లు లొంగింది భారత, బంగ్లాదేశ్ ఉమ్మడి కమాండ్‌కు కాబట్టి ఢాకా ఒప్పుకోనిదే వదలలేమని మనం పట్టుబట్టాం. పాకిస్తానేమో బంగ్లాదేశ్ అనే దేశమే లేదంటుంది. ముడి పడింది అక్కడే.

1973 ఆగస్టు 28 ఢిల్లీ ఒప్పందంతో ముడి వీడింది. ఖైదీలు పాకిస్తాన్‌కు, పాకిస్తాన్‌లో చిక్కుకున్న లక్షకు పైగా బెంగాలీలు బంగ్లాదేశ్‌కు, బంగ్లాదేశ్‌లోని కొందరు బిహారీలు పాకిస్తాన్‌కు, మూడు వైపులా ప్రయాణం. మనం గుర్తుంచుకోవాల్సింది ఆ బెంగాలీ కుటుంబాల సంగతి. ఖైదీలను మనం మొండిగా బిగపట్టుకుంటే వాళ్ల మీదే దెబ్బ పడేది.

యుద్ధ నేరాల ఆరోపణలున్న 195 మంది పాకిస్తానీ ఖైదీల సంగతి?

వాళ్లను విచారించి తీరతామని బంగ్లాదేశ్ చెప్పింది. పాకిస్తాన్ 1973 మేలో అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది, ఆ ఏడాది చివర కేసు వెనక్కి తీసుకుంది. 1974 ఫిబ్రవరి 22న, లాహోర్ ఇస్లామిక్ దేశాల సదస్సు వేళ, పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. ఆ తర్వాత ఏప్రిల్ 9న ఢిల్లీలో మూడు దేశాల విదేశాంగ మంత్రులూ సంతకాలు చేశారు, 195 మందీ విచారణ లేకుండా వెళ్లిపోయారు. గుర్తింపు కోసం న్యాయాన్ని వదులుకున్నారు. బలహీనమైన దేశానికి అంతకన్నా మంచి బేరం దొరకలేదేమో, కానీ అన్యాయానికి గురైన ఆడవాళ్లు, పోయినవాళ్ల కుటుంబాల వైపు నుంచి చూస్తే దాన్ని సమర్థించడానికి నాకు మనసు రాదు.

సిమ్లాలో కాశ్మీర్ ఎందుకు తేల్చుకోలేదు?

తేల్చుకోవాలనే చూశారు. 1972 జులై 2న సిమ్లాలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య కుదిరిన ఒప్పందంలో కాల్పుల విరమణ రేఖ నియంత్రణ రేఖగా మారింది, గొడవలు రెండు దేశాలే మాట్లాడుకోవాలన్న షరతు వచ్చింది. పశ్చిమాన మనం పట్టుకున్న సుమారు 5,000 చదరపు మైళ్లు తిరిగిచ్చేశాం. ఖైదీలను చూపించి కాశ్మీర్ రాయించుకోవాల్సింది అంటారు, కానీ ఓడిపోయి పీకల్లోతు కష్టాల్లో ఉన్న పాకిస్తాన్ అధ్యక్షుడు భుట్టో అలా సంతకం పెడితే ఇంటికి వెళ్లాక పదవి మిగిలేది కాదు, మళ్లీ సైన్యం వచ్చి ఆ కాగితం చించేసేది.

## సాయం, అనుమానం

మైత్రీ ఒప్పందం మంచిదే కదా, వాళ్లు ఎందుకు తిట్టుకున్నారు?

వేళ తప్పు. మార్చి 12న వీడ్కోలు పరేడ్, మార్చి 19న ఢాకాలో 25 ఏళ్ల మైత్రీ ఒప్పందం. మధ్యలో వారం. ఒకరికి వ్యతిరేకంగా ఇంకొకరు సైనిక కూటమిలో చేరకూడదు, ఎవరి మీదైనా దాడి జరిగితే వెంటనే సంప్రదించుకోవాలి, ఇలాంటి షరతులు. కాగితం మీద ఇద్దరికీ సమానమే. కానీ ఒకవైపు ఇండియా, ఇంకోవైపు అప్పుడే పుట్టిన దేశం ఉన్నప్పుడు ‘సమానం’ అన్న మాటను జనం నమ్మరు. సైనికులు వెళ్లిపోయినా పెత్తనం కాగితం రూపంలో ఉండిపోయిందని ప్రతిపక్షాలు బానిస ఒప్పందం అని పేరు పెట్టాయి. విచిత్రం ఏంటంటే, ముజీబ్‌ను చంపినప్పుడు కూడా మనం దాన్ని వాడలేదు, 1997లో గడువు తీరాక ఎవరూ పొడిగించమని అడగలేదు. అవసరం లేని ఒప్పందం కోసం ఉన్న మంచిపేరు పోగొట్టుకున్నాం.

బంగ్లాదేశ్ నోట్లు ఇండియాలో అచ్చేశారన్నది నిజమేనా?

నిజం. 1972 మార్చి 4న వచ్చిన మొదటి టాకా నోట్లు నాసిక్ ప్రెస్‌లో అచ్చయ్యాయి. బంగ్లాదేశ్ పటం ఉన్న ఆ నోట్లు తొందరలో చేసినవి కావడంతో దొంగనోట్లు సులభంగా తయారయ్యాయి. ఇండియా రెండింతలు అచ్చేసి వదిలిందన్న పుకారు ఊరూరా పాకింది. 1973లో వాటిని వెనక్కి తీసుకుని మార్చారు, కానీ ధరలు పెరిగినప్పుడల్లా జనానికి ఆ నోటే గుర్తొచ్చేది. సాయం చేసేవాడు తన చెయ్యి ఎక్కడ కనిపిస్తుందో చూసుకోవాలి, డబ్బు మీద అసలు కనిపించకూడదు.

సరిహద్దు స్మగ్లింగ్ గొడవ ఏంటి?

1972 మార్చి వాణిజ్య ఒప్పందంలో సరిహద్దుకు రెండు వైపులా 16 కిలోమీటర్ల లోపు జనం స్వేచ్ఛగా కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు అన్నారు. ఉద్దేశం మంచిదే. జరిగింది మాత్రం జనపనార, బియ్యం లారీల కొద్దీ ఇటు దాటడం. ఆ ఏడాది అక్టోబరులోనే ఆ వెసులుబాటు రద్దు చేశారు.

మరి మనం చేసిన మంచి ఏమీ లేదా?

ఎందుకు లేదు! హార్డింజ్ బ్రిడ్జిని మన రైల్వే ఇంజినీర్ల సాయంతో బాగుచేసి 1972 అక్టోబరు 12న మళ్లీ రైళ్లు నడిపారు. గింజలు, నూనె, బట్టలు పంపాం. చిట్టగాంగ్ రేవును శుభ్రం చేసే పెద్ద పని సోవియట్ నౌకాదళం చేసింది, రెండేళ్లు పట్టింది. ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమం కూడా చాలా పెద్దది. కాకపోతే వంతెన బాగుచేసినవాడి పేరు జనానికి గుర్తుండదు, పుకారు గుర్తుంటుంది.

రక్షీ బాహిని అంటే ఏంటి?

ముజీబ్ 1972లో పెట్టిన పారామిలటరీ దళం. శిక్షణలో మన వాళ్ల చెయ్యి ఉంది. ఆయన రాజకీయ ప్రత్యర్థుల మీద అది చేసిన అఘాయిత్యాలకు చెడ్డపేరు వచ్చింది, సరైన జీతం, సామగ్రి లేని అక్కడి సైన్యానికి దాన్ని చూసి మండిపోయింది. 1975 హత్య తర్వాత కొద్ది వారాలకే దాన్ని సైన్యంలో కలిపేశారు. మన విధానంలో నాకు అన్నింటికన్నా పెద్ద తప్పుగా కనిపించేది ఇదే: దేశాన్ని నిలబెట్టే బదులు ఒక నాయకుడిని నిలబెట్టాలని చూశాం.

1974 కరువులో ఇండియా ఏం చేసింది?

పెద్దగా చేయలేకపోయింది. వరదలు, చమురు ధరలు, బ్లాక్ మార్కెట్ అన్నీ కలిశాయి. బంగ్లాదేశ్ క్యూబాకు గోనె సంచులు అమ్మిందని అమెరికా సరిగ్గా అప్పుడే గింజల ఓడలను ఆపింది. చనిపోయినవాళ్లు 27,000 దాకా అని ప్రభుత్వ లెక్కే చెప్పింది, అసలు సంఖ్య అంతకు ఎన్నో రెట్లని పరిశోధకుల అంచనా.

## ఆ తర్వాత

మనం విడిపిస్తే, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నారు కదా?

ఈ మాట చాలా తరచుగా వింటాను, ఒప్పుకోలేను. రెండు ఫ్రంట్లలో కలిపి మన సైనికులు సుమారు 3,800 మంది చనిపోయారు, వాళ్ల త్యాగం చిన్నది కాదు. కానీ ఒక దేశం జీవితాంతం వంగి దండం పెడుతూ ఉండాలనుకోవడం సాయం కాదు, వడ్డీ వసూలు. అటు వెళ్లి పద్మాగా మారే గంగ మీద కట్టిన ఫరక్కా బ్యారేజీ గేట్లు 1975 ఏప్రిల్‌లో తెరిచాం, మొదట 41 రోజులకు తాత్కాలిక ఒప్పందం ఉండేది. అది ముగిశాక కూడా నీళ్లు మళ్లించుకున్నాం. కింద పద్మా తీరాన ఎండిన పొలంలో నిలబడ్డ రైతుకు 1971 గురించి ఎంత చెప్పినా ఎక్కదు. 30 ఏళ్ల గంగా ఒప్పందం కుదిరేసరికి 1996 డిసెంబరు వచ్చింది.

తెలుగువాళ్లకు ఈ కథలో ఏమైనా సంబంధం ఉందా?

విశాఖ తీరంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అందరికీ తెలిసిందే. తక్కువమందికి గుర్తున్నది 1972 జనవరి 10: జైలు నుంచి విడుదలై లండన్ మీదుగా ఢిల్లీ పాలం విమానాశ్రయంలో దిగిన ముజీబ్‌కు ఇందిరతో కలిసి స్వాగతం పలికిన రాష్ట్రపతి మన వి.వి.గిరి.

శ్రీలంకలో మన శాంతి దళం ఐపీకేఎఫ్ ఎందుకు అలా దెబ్బతింది, ఇక్కడ ఎందుకు కాలేదు?

1987 జులైలో శాంతి కోసమని వెళ్లి, కొన్ని నెలల్లోనే తమిళ టైగర్ల సంస్థ ఎల్‌టీటీఈతో యుద్ధంలో దిగాం, 1990 మార్చిలో సుమారు 1,200 మంది సైనికులను పోగొట్టుకుని వచ్చాం. ఢాకాలో పని స్పష్టం, పిలిచిన ప్రభుత్వానికి జనం మద్దతు ఉంది, గడువు తొందరగా పెట్టుకున్నాం. శ్రీలంక ఉత్తరాన జాఫ్నాలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు, కొత్త అధ్యక్షుడు ప్రేమదాస చివరికి మీరు వెళ్లిపోండి అని బహిరంగంగానే అన్నారు.

ఆనాటి ఒప్పందాల్లో పూర్తయినవి ఏమైనా ఉన్నాయా?

ఉంది, చాలా ఆలస్యంగా. 1974 మే 16న ఇందిర, ముజీబ్ సరిహద్దు ఒప్పందం చేసుకున్నారు. బంగ్లాదేశ్ పార్లమెంటు ఆ ఏడాదే ఆమోదించింది. మనం రాజ్యాంగాన్ని సవరించింది 2015లో, వందో సవరణ అది. ఆ ఏడాది జులై 31 అర్ధరాత్రి, అటు ఉన్న మన 111 నేల ముక్కలు, ఇటు ఉన్న వాళ్ల 51 నేల ముక్కలు చేతులు మారాయి. చుట్టూ వేరే దేశం ఉండి, బడి లేక, కరెంటు లేక, ఏ దేశపు కార్డూ లేకుండా బతికిన 50,000 మందికి పైగా జనానికి ఆ రాత్రే ఒక దేశం దొరికింది.